యూదులకు సువార్తయు ఎన్నికల వేదికయు

గడచిన వేసవిలో మా పాస్టరేటులోని ఒక పల్లెలో గృహకూటము ముగించి, అరుగుమీద కూర్చుండి మజ్జిగ పుచ్చుకొనుచుండగా, ఆ సంఘపు పెద్ద తన మనుమని సెల్‌ఫోను తీసికొని నా యెదుట పెట్టెను.

"అయ్యగారూ, ఇది చూడండి. అమెరికాలో ఓట్ల సభంట. యూదుల రబ్బీగారే వేదికెక్కి యేసు నామంలో ప్రార్థన చేశాడు. యూదులు మారుతున్నారంటే ప్రభువు రాకడ దగ్గరపడ్డట్టే గదండీ. మనకి అట్లాంటి నాయకులు ఎప్పుడొస్తారో!"

చుట్టునున్నవారు "స్తోత్రం" అనిరి. నేను అనలేకపోతిని. పెద్దాయన నా ముఖము చూచి కొంచెము నొచ్చుకొనెను. ప్రొద్దుపోయినందున ఆ మాట అక్కడనే విడిచి వచ్చితిని గాని, ఆయనకు చెప్పవలసిన బదులు నా మీద బాకీగా నిలిచిపోయినది. ఆయన ఈ పత్రికను ప్రతి నెల మనుమరాలిచేత చదివించుకొని వినువాడు. గనుక ఇక్కడనే ఆ బాకీ తీర్చుకొనుచున్నాను.

ఆ చిత్రము క్రొత్తది కాదు. 2018వ సంవత్సరము అక్టోబరు 29, సోమవారమున, మిషిగన్ రాష్ట్రములో డెట్రాయిట్ నగరమునకు వెలుపల వాటర్‌ఫర్డ్ అనుచోట జరిగిన సభ అది. దానికి రెండు దినముల ముందు, శనివారము ఉదయమున, పిట్స్‌బర్గ్ నగరములో "జీవవృక్షము" అను పేరుగల యూదుల సమాజమందిరములోనికి ఒకడు తుపాకులతో చొరబడి, విశ్రాంతిదిన ఆరాధనకు వచ్చినవారిలో 11 మందిని చంపెను. వారిలో అనేకులు వృద్ధులు. ఒక అవ్వ వయస్సు 97 సంవత్సరములు. అమెరికా దేశ చరిత్రలో యూదులమీద జరిగిన హత్యాకాండలలో అంతకంటె ఘోరమైనది లేదు. సోమవారము నాటికి ఆ శవములలో ఒక్కటియు భూస్థాపన కాలేదు.

ఆ సోమవారపు సభ ఓట్లడుగుటకు ఏర్పాటైనది. అప్పటి ఉపాధ్యక్షుడును, తన విశ్వాసమును బాహాటముగా చెప్పుకొను క్రైస్తవుడును అగు మైక్ పెన్స్ దానికి ముఖ్య అతిథి. అక్కడ నిలిచిన రిపబ్లికన్ అభ్యర్థులలో లీనా ఎప్‌స్టీన్ అను ఆమె యూదురాలు. ప్రార్థనకు ఆ బోధకుని పిలిచినది తానేయని ఆమె తరువాత చెప్పెను. అయితే ఆయన యూదులు తమ రబ్బీ అని ఎంచు మనుష్యుడు కాడు. యేసే మెస్సీయ అని ఒప్పుకొని, యూదుల ఆచారములను కొన్నింటిని విడువక యుండువారున్నారు. వారిని మెస్సీయ యూదులందురు. ఈయన వారిలోనివాడు. యూదమతములో ధర్మశాస్త్రమును గట్టిగా పట్టుకొన్న శాఖ గాని, సడలించుకొన్న శాఖ గాని, ఏదియు వారిని తమవారని ఒప్పుకొనదు. పైగా మెస్సీయ సంఘముల సమాఖ్య ఒకటి 2003లోనే ఈయన అభిషేకమును రద్దుచేసెనని సభ జరిగిన తరువాత బయటపడెను. ఆ దినమున ఆయన ప్రార్థనలో అభ్యర్థుల పేర్లు వినబడినవి. చంపబడిన 11 మందిలో ఒక్కరి పేరైనను వినబడలేదు.

నా నోట స్తోత్రము రాకపోవుటకు కారణమిదియే.

ప్రియ పాఠకులారా, దీనిని మన ప్రక్కకు త్రిప్పి చూడుడి. 1999వ సంవత్సరము జనవరి నెలలో ఒడిషాలోని మనోహర్‌పూర్ గ్రామమున, కుష్ఠరోగుల సేవలో జీవితము గడిపిన గ్రాహం స్టెయిన్స్ గారిని, 10 ఏండ్లవాడును 6 ఏండ్లవాడును అయిన ఆయన ఇద్దరు కుమారులను, వారు నిద్రించుచున్న జీపులోనే తగులబెట్టిరి. ఆ వార్త విన్న దినమున మన పల్లెలలో పొయ్యి వెలిగించని ఇండ్లున్నవి. అప్పుడు రెండు దినములలోనే ఏదో ఒక పార్టీవారు ఓట్ల సభ పెట్టి, క్రైస్తవుల పక్షమున ప్రార్థించుటకని, క్రీస్తును విడిచి వేరొక మతమునకు వెళ్లిన ఒక పూర్వపు పాస్టరును వేదికమీదికి పిలిచియుండిన యెడల, ఆయన ఆ పిల్లల పేర్లెత్తక అభ్యర్థుల గెలుపుకొరకు తన దేవుని వేడుకొనియుండిన యెడల, మనమేమని యుందుము? "మా శవములమీద మీ జెండా పాతుకొంటిరి" అని యుండమా? పిట్స్‌బర్గ్ యూదులకును మన వంటి హృదయమే యున్నది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టముగా చెప్పవలెను, లేనియెడల నన్ను వేరే గుంపులో కలుపుదురు. యూదులకు సువార్త చెప్పనక్కరలేదు అనువారితో నేను లేను. అట్లనువారు నేడు గొప్ప గొప్ప సంఘములలో ఉన్నారు. 2015 డిసెంబరులో రోమను కథోలిక సంఘపు వాటికన్ కార్యాలయము ఒక పత్రము వెలువరించి, యూదులను మార్చుటకని ప్రత్యేకమైన మిషను సంస్థలను తాము నడపబోమనియు, బలపరచబోమనియు తెలిపెను. వారి కారణములు నాకు అర్థమగుచున్నవి. ఐరోపాలో జరిగినదానిని చూచిన యెవనికైనను అర్థమగును. అయినను పౌలు ఏ ఊరు వెళ్లినను మొదట సమాజమందిరపు తలుపు తట్టెడివాడు. తన స్వజనులకొరకు తానే శాపగ్రస్తుడగుటకైనను ఒప్పుకొన్నవాడాయన. ప్రభువును, ఆయన తల్లియు, పండ్రెండుమంది శిష్యులును యూదులే గదా. మన పల్లెలకు ఆ మేలు సముద్రములు దాటి వచ్చినప్పుడు, అది ఎవరి యింటనుండి వచ్చెనో ఆ యింటివారికి మాత్రము చెప్పవద్దనుట నాకు తోచదు.

చెప్పవలెను. అయితే ఎవరు చెప్పవలెను, ఎక్కడ నిలువబడి చెప్పవలెను? తగవంతయు ఇక్కడనే.

అపొస్తలుల కార్యములలో పౌలు అగ్రిప్ప రాజు నెదుట నిలిచిన సంగతి మీరెరుగుదురు. కైసరయలో ఆ దినమున ఆడంబరమెవరిది? రాజుది, బెర్నీకేది, సహస్రాధిపతులది, పట్టణపు పెద్దలది. పౌలుకున్నది సంకెళ్లు. అగ్రిప్ప యూదుల ఆచారములెరిగినవాడు. వాని మనస్సు మార్చవలెనని పౌలు ప్రయత్నించెను గాని, వాని కుర్చీని ఉపయోగించుకొనవలెనని ప్రయత్నింపలేదు. "రాజా, నీవు నా ప్రక్కన నిలువబడు, యెరూషలేము యూదులకు చెప్పెదను" అనలేదు. మరల త్రిప్పి చెప్పుచున్నాను: యూదునికి సువార్త చెప్పినవాడు సంకెళ్లలో నుండెను, విన్నవాడు సింహాసనముమీద నుండెను. ఇది తలక్రిందులైన దినమునుండి యూదుల చెవులు మూతపడినవి.

తలక్రిందులైన చరిత్ర చిన్నది కాదు. స్పెయిను దేశము 1492లో బాప్తిస్మము పొందని యూదులను వెళ్లగొట్టెను. పోర్చుగలు 1497లో వెళ్లనిచ్చుటకు బదులు బలవంతముగా బాప్తిస్మమిచ్చెను. రోములో 1584లో పోపు 13వ గ్రెగొరీ, యూదులు తప్పక కూర్చుండి క్రైస్తవ ప్రసంగములు వినవలెనని శాసించెను. చెవులలో మైనము పెట్టుకొని కూర్చుండెడివారని చెప్పుదురు. ఆ శాసనము 1847 వరకు, అనగా రెండువందల అరువది యేండ్లకు పైగా, నిలిచెను. 1858లో బొలోన్యా పట్టణమున ఎద్గార్దో మొర్తారా అను ఆరేండ్ల యూదబాలుని పోపు ప్రభుత్వపు పోలీసులు తల్లిదండ్రుల చేతులలోనుండి తీసికొనిపోయిరి. ఏలయనగా, పసితనమున వానికి జబ్బు చేసినప్పుడు ఇంటి పనిపిల్ల రహస్యముగా నీళ్లు చల్లి బాప్తిస్మమిచ్చెనట. బాప్తిస్మము పొందిన బిడ్డ యూదుల యింట పెరుగరాదని అక్కడి చట్టము. ఆ తల్లి ఎంత మొరపెట్టినను బిడ్డ తిరిగి రాలేదు; తుదకు వాడు పాదిరి ఆయెను. వానికి బాప్తిస్మము వచ్చెను, వాని తల్లికి యేసు నామమన్న భయము మిగిలెను.

ఇవి పోపుల పనులు, మనవి కావు అని ప్రొటెస్టెంటులమైన మనము చేతులు కడుగుకొనరాదు. వేదాంత కళాశాలలో నేను చదువుకొన్న దినములలో లూథరు పేరు విన్నప్పుడెల్ల రొమ్ము విరుచుకొని కూర్చుండెడివాడను. ఆయన 1523లో, యేసు యూదుడుగా పుట్టెనని, గనుక వారిని ప్రేమతో చూడవలెనని వ్రాసెను. అది చదివి సంతోషించితిని. తరువాత గ్రంథాలయములో 1543 నాటి పుస్తకమును గూర్చి చదివితిని. యూదుల సమాజమందిరములను తగులబెట్టుడి, వారి యిండ్లు పడగొట్టుడి, గ్రంథములు లాగికొనుడి అని అధిపతులకు సలహా చెప్పినవాడును ఆ లూథరే. ఆ ఇరువది యేండ్లలో జరిగినదేమి? ఆయన ఎదురుచూచినంతమంది యూదులు మారలేదు. అంతే. లెక్క తప్పగానే ప్రేమ పగ ఆయెను. ఆ మధ్యాహ్నము భోజనశాలకు వెళ్లలేకపోతిని.

లెక్కతో కూడిన ప్రేమ అనగా ఏమో చూపుటకు ఇంగ్లండు కథ యొకటి చెప్పెదను. యూదులలో క్రైస్తవ్యమును వ్యాపింపజేయుటకు లండనులో 1809లో ఒక సొసైటీ ఏర్పడెను. దానికి 1848నుండి అధ్యక్షుడుగా నున్న వాడు లార్డ్ ఆష్లీ, తరువాత షాఫ్ట్‌స్‌బరీ ప్రభువు. బొగ్గుగనులలో పసిపిల్లలచేత పనిచేయించుట మాన్పించిన మహానుభావుడు ఆయనయే. యూదులు యెరూషలేమునకు తిరిగి చేరవలెనని ఆయన నిత్యము ప్రార్థించెడివాడు. 1847లో లండను నగరపు ఓటర్లు లయొనెల్ డి రాత్‌స్చైల్డ్ అను యూదుని పార్లమెంటునకు ఎన్నుకొనిరి. సభలో కూర్చుండుటకు ముందు చేయవలసిన ప్రమాణములో, నిజ క్రైస్తవుని విశ్వాసముతో చేయుచున్నానను మాట ఒకటి యుండెను. ఆ మాట పలుకుటకు రాత్‌స్చైల్డ్ ఒప్పుకొనలేదు. చట్టము మార్చుదమని మసూదా తేగా, దానికి ఎదురు నిలిచినవారిలో యూదులను అంతగా ప్రేమించిన ఆష్లీ ఒకడు! ఓటర్లు రాత్‌స్చైల్డ్‌ను మరల మరల ఎన్నుకొనిరి. ఆయన మరల మరల వాకిట నిలిచిపోయెను. డేవిడ్ సాలొమన్స్ అను మరియొక యూదుడు 1851లో ఆ మాట విడిచి ప్రమాణము చేసి సభలో కూర్చుండి ఓటువేసినందుకు 500 పౌనుల జుల్మానా పడెను. 1858 జూలై నెలలో గాని రాత్‌స్చైల్డ్‌కు తలుపు తెరువబడలేదు. మొర్తారా బిడ్డను లాగుకొనిపోయినదియు ఆ సంవత్సరపు వేసవిలోనే.

ఆ పదునొకండు సంవత్సరములు ఆ సొసైటీవారు లండను యూదుల వీధులలో కరపత్రములు పంచుచునే యుండిరి. మీరే ఆలోచించుడి. ఒకచేత సువార్త పత్రిక, వేరొక చేత తలుపు గడియ. "నీవు మాలో చేరిన యెడల మా సహోదరుడవు, చేరనియెడల మా సభలో కూర్చుండ తగవు." పండ్రెండేండ్ల ప్రాయమున బాప్తిస్మము పొందిన డిజ్రాయెలీ 1868లో ప్రధానమంత్రి కాగలిగెను, పొందని రాత్‌స్చైల్డ్ వాకిట నిలిచెను. అట్టి చోట బాప్తిస్మము అనగా యూదునికి ఏమని అర్థమగును? కొలువుకు చీటి అని అర్థమగును. షాఫ్ట్‌స్‌బరీ ప్రభువునకు న్యాయము చేయవలెను గనుక ఇదియు చెప్పుచున్నాను: ఆయన తరువాత మనస్సు మార్చుకొని, మోసెస్ మాంటిఫియోరీ అను యూదునికి ప్రభు పదవి ఇయ్యవలెనని 1868లో గ్లాడ్‌స్టనుకు తానే వ్రాసెను. అది ఆయన గొప్పతనము.

ఆ తలుపు గడియ ఎట్లుండునో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1950వ సంవత్సరపు రాష్ట్రపతి ఉత్తర్వు చొప్పున, హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడుగా ఎంచబడకపోయెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. మనలను చేర్చలేదు. రిజర్వుడు స్థానమునకు నిలుచు మనవాడు బాప్తిస్మము మాట ఎత్తకూడదు. ఎత్తిన యెడల ఓడినవాడు కోర్టుకు పోవును. ఈ చట్టమువలన సర్టిఫికెట్టులో ఒకటి, హృదయములో ఒకటి పెట్టుకొని బ్రదుకుచున్నవారు ఈ పత్రిక చదువువారిలోనే యున్నారు. వారిని నేను నిందించుట లేదు. పిల్లల చదువు, పొలము, కొలువు దానిమీద ఆధారపడియున్నప్పుడు నిందించుట సులువు. నేననునది ఇంతే: ఒకని విశ్వాసమును ఓటుతోను పదవితోను ముడిపెట్టినప్పుడు లోపల ఏమి జరుగునో మనకు తెలియును గనుక, అదే ముడి యూదుని మెడకు బిగించుచున్నవారిని చూచి స్తోత్రము చెప్పుట మనకు తగదు.

మరల అమెరికాకు వచ్చెదను. అక్కడ అభ్యర్థులకు ఈ విషయములో మూడు విధములైన చిక్కులు వచ్చినవి.

జార్జి బుష్, చిన్నవాడు, 1993లో టెక్సాస్ గవర్నరు పదవికి నిలుచునప్పుడు ఒక విలేఖరితో, యేసును అంగీకరించినవారికే పరలోకమని తన నమ్మకము చెప్పెను. యూదులు నొచ్చుకొనిరి. అంతకు ముందే ఈ సంగతిమీద తల్లికిని ఆయనకును మాట పట్టింపు వచ్చి, తల్లి బిల్లీ గ్రాహం గారికి ఫోను చేసెనట. గ్రాహం గారు, వాక్యము చొప్పున నీ కుమారుని మాట నిజమే గాని, ఎవరు పోవుదురో తీర్పుతీర్చు దేవుని స్థానములో మీరిద్దరును కూర్చుండవద్దని బుద్ధిచెప్పిరి. ఇది నాకు నచ్చిన జవాబు. అభ్యర్థి తన నమ్మకమును దాచనక్కరలేదు, దానిని ఓట్ల అంగడిలో పెట్టనక్కరయు లేదు.

రెండవది 2008వ సంవత్సరపు సంగతి. అలాస్కా రాష్ట్రములో వసిల్లా అను చిన్న పట్టణపు సంఘమునకు, యూదులలో పనిచేయు "జూస్ ఫర్ జీసస్" సంస్థ నాయకుడు డేవిడ్ బ్రిక్నర్ ఆగస్టు 17న వచ్చి ప్రసంగించెను. ఆ సంస్థ 1973లో మొదలైనది. వీధులలో కరపత్రములు పంచుట వారి పద్ధతి. ఆ జూలై నెలలో యెరూషలేమున ఒకడు బుల్‌డోజరును కార్లమీదికి, బస్సులమీదికి నడిపి ముగ్గురిని చంపియుండెను. బ్రిక్నర్ ఆ హత్యను ప్రస్తావించి, అవిశ్వాసమునకు వచ్చిన తీర్పు ఇట్టి వాటిలో కనబడుచున్నదన్నట్లు మాటలాడెను. ఆ సంఘస్థురాలగు సారా పేలిన్ ఆ ప్రసంగము విన్న పండ్రెండు దినములకే ఉపాధ్యక్ష పదవికి అభ్యర్థియాయెను. వెంటనే ప్రచార కార్యాలయమువారు, ఆ బోధకుని అభిప్రాయములు ఆమెవి కావని చెప్పవలసివచ్చెను.

ఆమెను విడిచిపెట్టుదము, పీఠముమీద ఎవరో చెప్పినదానికి బెంచీమీది వారిని శిక్షించుట న్యాయము కాదు. అయితే ఆ బోధను మాత్రము విడిచిపెట్టలేను, అది మన ప్రవచన కూటములలోను వినబడుచున్నది గనుక. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు ఇతరులకంటె పాపులా అని ప్రభువే అడిగెను. కారు అని ఆయనే జవాబు చెప్పెను. బుల్‌డోజరు క్రింద పడినవారిని చూపి యూదులకు సువార్త చెప్పువాడు ఏ సువార్త చదివెనో నాకు తెలియదు. మన ఊరిలో తుపాను వచ్చి చర్చి పైకప్పు లేచిపోయినప్పుడు "మీ దేవుడేడి?" అన్నవారి మాట మనకెట్లుండెను?

మూడవది మరియొక వింత. టెక్సాసులో జాన్ హేగీ అను పేరుగాంచిన బోధకుడు 2006లో ఇశ్రాయేలు పక్షమున క్రైస్తవులను కూర్చు సంస్థ యొకటి పెట్టెను. ఈయన పద్ధతి వేరు: ఆ కూటములలో యూదులకు సువార్త చెప్పరాదని కట్టడి! రాజకీయ స్నేహము చెడకుండుటకై ప్రభువు నామము లోపల పెట్టవలెనన్నమాట. 2008 ఫిబ్రవరిలో ఆయన అధ్యక్ష అభ్యర్థి జాన్ మెకెయిన్‌ను బలపరచెను. మే నెలలో ఆయన పాత ప్రసంగము బయటికి వచ్చెను. యిర్మీయా గ్రంథములోని వేటగాండ్ర మాట తీసికొని, యూదులను తమ దేశమునకు తరుముటకు హిట్లరు దేవుని వేటగాడని అందులో చెప్పియుండెను. అరువది లక్షలమంది చచ్చిన సంగతి ప్రవచనపు పటములో ఒక గీత ఆయెను. మెకెయిన్ 22వ తేదీన ఆ సహాయము వద్దని ప్రకటించెను. అయినను పదేండ్ల తరువాత, 2018 మే 14న, యెరూషలేములో అమెరికా రాయబార కార్యాలయము తెరచినప్పుడు ముగింపు ప్రార్థన ఆ హేగీదే. ఆరంభ ప్రార్థన రాబర్ట్ జెఫ్రెస్ అను డల్లాసు బాప్తిస్టు కాపరిది. యూదుడుగా నుండి రక్షణ పొందలేరని పూర్వము టెలివిజనులో చెప్పినవాడు. ఒకడు యూదులకు సువార్త చెప్పవద్దనువాడు, ఒకడు వారికి రక్షణ లేదనువాడు; ఇద్దరును ఒక్క వేదికమీద, ఒక్క నాయకుని కొరకు! వారి సిద్ధాంతములు కలియలేదు, పార్టీ కలిసెను.

"అయ్యగారూ, మంచి అభ్యర్థికొరకు ప్రార్థించుట తప్పా?" అని అడుగుదురు. అధికారులకొరకు ప్రార్థించుడని వాక్యమే చెప్పుచున్నది. నేనును చేయుదును. అయితే నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక అభ్యర్థి క్రిస్మసు ముందటి ఆదివారమున పెద్ద కేకుతోను, విధవరాండ్రకు చీరెలతోను మా ఆరాధనకు వచ్చెను. నేను ఆయన తలమీద చేయియుంచి పేరెత్తి ప్రార్థించితిని. ఫోటో తీసిరి. ఆరాధన ముగిసిన తరువాత ఒక ముసలమ్మ నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మా ఆయన పోయి నాలుగు రోజులే అయింది, ప్రార్థనలో పేరెత్తలేదేం?" అని అడిగెను. చేతిలో ఆ చీరె యున్నది. వాటర్‌ఫర్డ్ సభ సంగతి నేను చదివినప్పుడు నాకు మొదట జ్ఞాపకము వచ్చినది ఆ అమ్మ ముఖము. మిషిగను బోధకునిమీద రాయి వేయుటకు నాకు హక్కులేదు. అందుకే ఇది వ్రాయుచున్నాను.

ఇంకొక మాట. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో కొన్ని కుటుంబములు తాము ఎఫ్రాయిము గోత్రపువారమని చెప్పుకొని, 1990ల ఆరంభమునుండి సమాజమందిరము పెట్టుకొని విశ్రాంతిదినము ఆచరించుచున్నవి. వారు పూర్వము మన బాప్తిస్టు సంఘములవారే, మాదిగ పల్లెవారే. వారు వెళ్లినప్పుడు మన పాస్టర్లు కొందరు ఏమనిరి? ఇశ్రాయేలు దేశములో కొలువులకొరకు వెళ్లిరనిరి. కడుపునకు వెళ్లిరనిరి. మన తాతలు క్రైస్తవులైనప్పుడు గోధుమ పిండికి, పాలపొడికి చేరిరని ఊరివారు అన్న మాటనే మనము తిరిగి వారిమీద వేసితిమి! మనలోనుండి ఒకడు యూదుడైనయెడల లంచము, యూదులలోనుండి ఒకడు మనవాడైనయెడల ప్రవచన నెరవేర్పు. ఇట్టి త్రాసు పట్టుకొని ఏ యూదునియొద్దకు పోగలము?

మనము అడవి ఒలీవ కొమ్మలమని, అంటుకట్టబడినవారమని పౌలు రోమీయులకు వ్రాసెను. అంటు కొమ్మ చెట్టుమీద అతిశయింపరాదని కూడ వ్రాసెను. మామిడి తోటలున్నవారికి ఇది విప్పి చెప్పనక్కరలేదు. కాపు అంటుదే గాని, నీరు త్రాగునది వేరు.

పెద్దాయనా, మీ మనుమని ఫోనులోని ఆ చిత్రమునకు నా జవాబు ఇది. యూదుడొకడు మీ పొరుగున నున్నయెడల మీ ప్రభువును గూర్చి తప్పక చెప్పుడి, మీ సాక్ష్యము నేనెరుగుదును, అది వినదగినది. అయితే ఆయన యింట శవమున్న దినమున మాటలాడక కూర్చుండుడి. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండినంతసేపు మంచివారే గదా. నోరు తెరచిన తరువాతనే పాడైరి.

ఈ నెల మూడవ ఆదివారము సాయంకాలము మీ పల్లె కూటమునకు వచ్చుచున్నాను. పిట్స్‌బర్గ్‌లో చనిపోయిన ఆ 11 మంది పేర్లు ఒక కాగితముమీద తెలుగున వ్రాసికొనివచ్చెదను. అందులో ఒక దావీదు, ఒక దానియేలు ఉన్నారు. ఆ పేర్లు మీ సంఘపు రిజిస్టరులోను ఉన్నవి. ప్రార్థనకు ముందు వాటిని మీరే చదువవలెను. కళ్లజోడు మరచిపోకుడి.